భార్యకి భర్త కిడ్నీ: మామయ్యకీ మేనకోడలికీ ఒక వాదం

మామయ్య విశాఖపట్నంలో కిడ్నీ డాక్టరు. ఆయన ఓపీ సగం, కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం నుంచి వచ్చినవాళ్లతోనే నిండుతుంది. మేనకోడలు హైదరాబాదులో ఒక హెచ్‌ఎల్‌ఏ ల్యాబులో పనిచేస్తుంది. హెచ్‌ఎల్‌ఏ అంటే ఏ కణం తనదో ఏది పరాయిదో ఒంటికి తెలిపే, కణాల మీది గుర్తులు. దాత కిడ్నీ గ్రహీత ఒంటికి సరిపడుతుందో లేదో పరీక్షించి చెప్పడం ఆమె పని. ఇద్దరు పిల్లల తల్లి ఒకావిడకి భర్త కిడ్నీ ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. బ్లడ్ గ్రూపు కలిసింది, పరీక్షలన్నీ నెగెటివ్ వచ్చాయి. రిపోర్టు అడుగున మాత్రం మేనకోడలు ఒక వాక్యం చేర్చింది: ఈ దాత వల్లే రెండు కాన్పులు జరిగాయి కాబట్టి జ్ఞాపక కణాల ముప్పుని కొట్టిపారెయ్యలేం. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు మామయ్య ఆ వాక్యాన్నే పట్టుకున్నారు.

మామయ్య: క్రాస్‌మ్యాచ్ నెగెటివ్. హెచ్‌ఎల్‌ఏ అతికించిన బీడ్స్ మీద చూసినా భర్త హెచ్‌ఎల్‌ఏకి యాంటీబాడీ లేదు. అన్నీ నువ్వే రాసి, కింద ఈ తోక ఎందుకు తగిలించావమ్మా? ఆవిడ వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి వస్తోంది. మన దగ్గర మొగుడికి పెళ్లాం కిడ్నీ ఇవ్వడమే ఎక్కువ, పెళ్లానికి మొగుడు ఇస్తాననడం తక్కువ. ఆ వాక్యం చదివితే ఉన్న ఒక్క దాతా వెనక్కి తగ్గుతాడు.

మేనకోడలు: పరీక్ష చెప్పింది రాశాను మామయ్యా, పరీక్ష చెప్పలేనిది కూడా రాశాను. క్రాస్‌మ్యాచ్‌లో నేను చూసేదేంటి? అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ట్రే, దాన్నిండా ఆవగింజంత గుంటలు. ఒక్కో గుంటలో భర్త తెల్లకణాలు, వాటి మీద భార్య సీరం, తరవాత కణానికి చిల్లు పెట్టే కాంప్లిమెంట్ ప్రోటీన్ల కోసం కుందేలు సీరం, చివర రంగు. యాంటీబాడీ ఉంటే కణానికి చిల్లు పడుతుంది, రంగు పీల్చుకుని ఉబ్బి నల్లగా కనపడుతుంది. లేకపోతే చిన్నగా మెరుస్తూ ఉంటుంది. ఈవిడ ట్రేలో అన్నీ మెరిశాయి. అంటే, రక్తం తీసిన రోజున ఆ రక్తంలో ఆ యాంటీబాడీ లేదు. దాన్ని తయారుచెయ్యగల కణం ఆవిడ ఒంట్లో లేదని ఆ ట్రే చెప్పదు.

మామయ్య: కనపడనిదాన్ని చూసి భయపడమంటావు.

మేనకోడలు: ఉండడానికి కారణం ఉన్నదాన్ని చూసి. కడుపులో బిడ్డకి సగం హెచ్‌ఎల్‌ఏ తండ్రిది. గర్భంతో ఉన్నప్పుడూ, అంతకంటే ఎక్కువగా కాన్పప్పుడూ, బిడ్డ కణాలు తల్లి రక్తంలోకి వస్తాయి. కొందరు తల్లుల్లో టి కణాలు, బి కణాలు వాటిని పరాయివని గుర్తుపట్టి వేలకి వేలు పెరుగుతాయి. పని అయ్యాక చాలావరకు చచ్చిపోతాయి, కొన్ని మిగిలిపోతాయి. ఆ మిగిలినవే జ్ఞాపక కణాలు. ఏళ్లు గడిచేకొద్దీ యాంటీబాడీ మన బీడ్స్‌కి అందనంత తగ్గిపోవచ్చు. జ్ఞాపక బి కణం మాత్రం ప్లీహంలోనో లింఫ్ గ్రంథిలోనో ఉండిపోతుంది. అదే హెచ్‌ఎల్‌ఏ మళ్లీ ఎదురైతే కొద్ది రోజుల్లోనే ప్లాస్మా కణాలుగా మారి యాంటీబాడీ కుమ్మరిస్తుంది. తాతయ్య పొలంలో తుంగ ఎలా ఉండేదో గుర్తుందిగా? పైన పీకేస్తే మడి శుభ్రంగానే కనపడేది. దుంప కిందే ఉండేది. ఒక్క తడి పెడితే చాలు, మళ్లీ లేచేది.

మామయ్య: నువ్వు తక్కువ చేసి మాట్లాడే ఆ ట్రేయే ఈ వైద్యాన్ని నిలబెట్టింది. 1969లో పటేల్, తెరసాకి లెక్క చెప్పారు. క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ ఉన్నా కిడ్నీ పెట్టించుకున్నవాళ్లు 30 మంది, వాళ్లలో 24 మందికి కిడ్నీ వెంటనే పోయింది. నెగెటివ్ ఉన్నవాళ్లు 195 మంది, వాళ్లలో పోయింది 8 మందికే. ఆ పరీక్ష రాకముందు సర్జన్లు బల్ల మీదే చూసేవారు. క్లాంప్ తియ్యగానే గులాబీ రంగు తిరిగి బిగువుగా నిండిన కిడ్నీ, నిమిషాల్లో నీలంగా మారి, మచ్చలు తేలి, మెత్తబడిపోయేది. ఇవాళ అలాంటిది ఎక్కడో తప్ప వినపడదు.

మేనకోడలు: బల్ల మీద జరిగేదాన్ని ఆపింది, ఒప్పుకుంటాను. బల్ల దిగాక మొదటి రెండు వారాల్లో జరిగేదాన్ని ఆపదు. అది జ్ఞాపక కణాల పని. ఇదేం కొత్త సంగతి కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీలో ఒళ్లు కాలిన ఒకావిడకి, ఆమె సోదరుడి చర్మం ముక్కలు తీసి అతికారు థామస్ గిబ్సన్, పీటర్ మెడావర్. మొదటి విడత కొన్నాళ్లు నిలిచి ఊడిపోయింది. అదే సోదరుడి చర్మం రెండో విడత అతికితే ఇంకా ముందే పాడైపోయింది. 1943లో దాన్ని అచ్చువేశారు. తరవాత మెడావర్ కుందేళ్ల మీద అదే చూపించాడు. మరో పదేళ్లకి మిచిసన్ అనే ఆయన ఆ తొందర ఎక్కడ దాగుందో ఎలుకల్లో వెతికాడు. ఒకసారి గ్రాఫ్టుని తిప్పికొట్టిన ఎలుక సీరం వేరే ఎలుకకి ఎక్కిస్తే ఏమీ రాలేదు, లింఫ్ గ్రంథుల కణాలు ఎక్కిస్తే వచ్చింది. ఒక సంగతిని ఒళ్లు గుర్తుపెట్టుకునేది కణాల్లో. మనం కొలిచేది సీరం.

మామయ్య: నువ్వు చెప్పిన కథలోనే నా జవాబు ఉంది. మొదటి విడత కూడా ఊడిందిగా? అప్పటికి ఆవిడ ఒంట్లో ఆ చర్మం గురించిన జ్ఞాపకం ఎక్కడిది? పరాయి హెచ్‌ఎల్‌ఏని జన్మలో చూడని మనిషికి కూడా, దానిమీదికి లేచే టి కణాలు నూటికి ఒకటి నుంచి పది దాకా ఉంటాయి. అందుకే 1954లో బోస్టన్‌లో జోసెఫ్ మర్రీ చేసిన కిడ్నీ మార్పిడి నిలవాలంటే అచ్చుగుద్దినట్టున్న కవలలు కావాల్సి వచ్చింది. రిజెక్షన్‌కి జ్ఞాపకం అక్కర్లేదు. ఉంటే ఇంకాస్త తొందర, అంతే.

మేనకోడలు: తొందర ఒక్కటే కాదు, దారే వేరు. మొదటిసారి చూసే టి కణం నేరుగా కిడ్నీ మీదికి వెళ్లలేదు. లింఫ్ గ్రంథిలోనో ప్లీహంలోనో పాఠం నేర్చుకోవాలి, దానికి సీడీ28 అనే రెండో సంకేతం కూడా కావాలి. లక్కిస్ బృందం 2000లో ప్లీహం, లింఫ్ గ్రంథులు లేని ఎలుకలకి వేరే ఎలుక గుండె పెట్టింది. గుండె నిలిచిపోయింది. ఎందుకంటే ఆ గుండె వచ్చిన సంగతే టి కణాలకి తెలియలేదు. రెండేళ్ల తరవాత అలాంటి ఎలుకల్లోకే జ్ఞాపక టి కణాలు ఎక్కించి చూశారు. గ్రంథులు లేకపోయినా అవి గుండెని తిప్పికొట్టాయి. వాటికి పాఠశాల అక్కర్లేదు, రెండో సంకేతం కూడా పెద్దగా అక్కర్లేదు. మన మందులు చాలావరకు పాఠం నేర్చుకునే దశని అడ్డుకోవడానికే పనికొస్తాయి.

మామయ్య: మళ్లీ ఎలుకలే! ఆ రెండో సంకేతాన్ని ఆపితే ఎలుకలు బతికినంతకాలం గ్రాఫ్టుని మోశాయని తొంభైల్లో ఎంత హడావుడి చేశారు! మందులు మానెయ్యొచ్చన్నారు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి అదేదీ జరగలేదు. నీ ఎలుకలు చెప్పేదాన్ని నా పేషెంటు మీద ఎలా నమ్మను?

మేనకోడలు: ఎందుకు జరగలేదో తెలిస్తే నువ్వే నా పక్షానికి వస్తావు. ల్యాబు ఎలుక పుట్టుక నుంచి శుభ్రమైన పంజరంలో ఉంటుంది. దానికి జలుబు తెలియదు, వైరస్ తెలియదు. దాని ఒంట్లో జ్ఞాపక టి కణాలు చాలా తక్కువ, పసిబిడ్డలాగా. 2016లో మిన్నెసోటాలో మాసోపస్ట్ బృందం పెంపుడు జంతువుల దుకాణంలో కొన్న ఎలుకల్ని వీటితో కలిపి పెంచింది. బతికి బట్టకట్టిన ల్యాబు ఎలుకల రోగనిరోధక వ్యవస్థ పెద్దవయసు మనిషి వ్యవస్థకి దగ్గరగా మారిపోయింది. అంతకుముందు 2003లోనే ఎమరీ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు, వరసగా కొన్ని వైరస్‌లు సోకిన ఎలుకలు రెండో సంకేతాన్ని ఆపే ఆ చికిత్సకి లొంగలేదని. శుభ్రమైన ఎలుక లొంగింది, లోకం చూసిన ఎలుక లొంగలేదు. మన పేషెంట్లు ఏ రకం ఎలుకలు?

మామయ్య: వైరస్‌ని గుర్తుపెట్టుకున్న కణానికీ కిడ్నీకీ ఏం సంబంధం?

మేనకోడలు: ఉంది. ఎప్‌స్టైన్-బార్ వైరస్ మనలో దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. హెచ్‌ఎల్‌ఏ-బి8 ఉన్నవాళ్లలో ఆ వైరస్ ముక్కని గుర్తుపట్టే ఒక రకం జ్ఞాపక టి కణాలు, హెచ్‌ఎల్‌ఏ-బి44 ఉన్న పరాయి కణాన్ని కూడా శత్రువనుకుంటాయని 1994 నుంచే తెలుసు. 2010లో లైడెన్‌లో వైరస్‌లని గుర్తుపట్టే టి కణాల క్లోన్లని వరసగా పరీక్షిస్తే, నూటికి 45 ఏదో ఒక పరాయి హెచ్‌ఎల్‌ఏ మీదికి లేచాయి. కాన్పు లేకపోయినా, రక్తం ఎక్కించుకోకపోయినా, ప్రతి పేషెంటూ ఏదో ఒక జ్ఞాపకంతోనే బల్ల ఎక్కుతాడు.

మామయ్య: ఇప్పుడు దొరికావు. జ్ఞాపకం ప్రతివాడికీ ఉంటే, ప్రతివాడి కిడ్నీ పోవాలి. పోవడం లేదు. బతికున్న దాత ఇచ్చిన కిడ్నీలు నూటికి తొంభైకి పైగా ఏడాది దాటుతున్నాయి. గాజు గిన్నెలో కణం లేచిందంటే మనిషి ఒంట్లో కిడ్నీ పోయినట్టు కాదు. టాక్రోలిమస్, మైకోఫెనలేట్, స్టెరాయిడ్ కలిపి ఇస్తే నీ జ్ఞాపక కణాలు కూడా తలవంచుతున్నాయి.

మేనకోడలు: ఆ మాట నిజం. టాక్రోలిమస్ జ్ఞాపక టి కణాలని కూడా చాలావరకు అణుస్తుంది. దాని ధర ఎంతో నీకు నేను చెప్పాలా? ఏళ్లు గడిచేకొద్దీ కాపాడాల్సిన కిడ్నీనే అది నెమ్మదిగా దెబ్బతీస్తుంది, కొందరికి షుగర్ తెస్తుంది. ఆ ధర తప్పించుకుందామనే బెలాటాసెప్ట్ తెచ్చారు, 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది సీడీ28 సంకేతాన్ని ఆపుతుంది, కిడ్నీకి హాని చెయ్యదు. వాడి చూస్తే మొదటి ఏడాదిలో రిజెక్షన్లు టాక్రోలిమస్ కోవకే చెందిన పాత మందు సైక్లోస్పోరిన్ కంటే ఎక్కువ వచ్చాయి, కొన్ని గట్టివి కూడా. ఆ సంకేతం అక్కర్లేని జ్ఞాపక కణాల పనే ఇదని పరిశోధకులు అనుమానిస్తున్నారు. పాత మందు మూత తియ్యగానే కింద ఏముందో బయటపడింది.

మామయ్య: ఆ కథ సగంలో ఆపకు. ఏడేళ్లు చూశాక, చావో కిడ్నీ పోవడమో జరిగే ప్రమాదం బెలాటాసెప్ట్ వాడినవాళ్లలోనే తక్కువ. సైక్లోస్పోరిన్‌తో పోలిస్తే నూటికి 43 తక్కువ. అంటే తొలి ఏడాది జ్ఞాపక కణాలు చేసిన అల్లరిని తట్టుకుని కిడ్నీలు నిలబడ్డాయి. ఇంకోటి. ఆ మందు ఎవరికి ఇవ్వకూడదు? ఎప్‌స్టైన్-బార్ వైరస్ ఎప్పుడూ సోకనివాళ్లకి. ఎందుకని? ఆ వైరస్‌ని గుర్తుపట్టే జ్ఞాపక కణాలు లేనివాళ్లకి అది లింఫోమాలా తిరగబడుతుంది కాబట్టి. సైటోమెగలో వైరస్‌దీ అదే దారి. దాతకి ఉండి గ్రహీతకి ఎప్పుడూ సోకకపోతే, అందరికంటే ప్రమాదం ఆ గ్రహీతకే. మన దేశంలో టీబీ సంగతి వేరే చెప్పాలా? చిన్నప్పుడు ఊపిరితిత్తుల్లో చేరి నిద్రపోతున్న క్రిమిని ముప్పై ఏళ్లు కట్టేసి ఉంచేది ఆ టి కణాలే. మీరు శత్రువంటున్న కణాల మీదే నా పేషెంటు ఆపరేషన్ తరవాత బతుకుతాడు.

మేనకోడలు: తుడిచెయ్యమని నేనెప్పుడన్నాను? తుడవడం కుదరదని కూడా చూశారు. టి కణాలని ఊడ్చేసే మందులిస్తే, ఊడ్చగా మిగిలేవి ఎక్కువగా జ్ఞాపక కణాలే. ఖాళీ జాగా దొరికేసరికి కొత్త కణాలు కూడా వాటి లక్షణాలే తెచ్చుకుని పెరుగుతాయి. యాంటీబాడీల సంగతీ అంతే. ఇమ్లిఫిడేస్ అనే ఎంజైమ్ ఉంది, స్ట్రెప్టోకాకస్ నుంచి తీసింది. కొన్ని గంటల్లో రక్తంలోని ఐజీజీ యాంటీబాడీలన్నిటినీ ముక్కలు చేస్తుంది. 2020లో ఐరోపాలో షరతులతో అనుమతిచ్చారు. పాజిటివ్ క్రాస్‌మ్యాచ్ ఆ పూటకి నెగెటివ్ అవుతుంది, కిడ్నీ పెట్టెయ్యొచ్చు. రెండు వారాలు తిరక్కుండా చాలామందిలో యాంటీబాడీ మళ్లీ లేస్తుంది. మజ్జలోని ప్లాస్మా కణాలూ, జ్ఞాపక బి కణాలూ చెక్కుచెదరవు కాబట్టి. నేను అడిగేది ఒక్కటే, ఆపరేషన్‌కి ముందు ఆ జ్ఞాపకాన్ని చదవాలి.

మామయ్య: దేనితో చదువుతావు? దాత కణాలని చూసి లేచే కణాలని మచ్చలుగా లెక్కపెట్టే ఎలిస్పాట్ అంటారు, బి కణాల కల్చర్ అంటారు. దాత కణాలు బతికుండాలి, రోజులు పట్టాలి, ఖర్చు ఆవిడ పెట్టాలి. చివరికి ఎన్ని మచ్చలొస్తే ఆపరేషన్ ఆపాలో అందరూ ఒప్పుకున్న గీత లేదు. గీత లేని పరీక్ష డాక్టరుకి దిగులే మిగులుస్తుంది. పైగా నువ్వు జ్ఞాపకమంటే పగే అనుకుంటున్నావు. 1998లో బర్లింగ్‌హామ్ చూపించింది మరిచిపోయావా? తల్లి నుంచి మనకి రాని హెచ్‌ఎల్‌ఏ, అంటే కడుపులో ఉండగా చూసినదే గానీ వారసత్వంగా రానిది, అది తోబుట్టువు కిడ్నీలో ఉంటే ఆ కిడ్నీ ఎక్కువ కాలం నిలిచింది. అదీ జ్ఞాపకమే, ఓర్చుకునే జ్ఞాపకం. 2012లో ఎలుకల్లోనే, నీ ఎలుకల్లోనే, కాన్పు తరవాత తండ్రి పక్షాన్ని సహించే రెగ్యులేటరీ టి కణాలు మిగిలి, తరవాతి గర్భంలో మళ్లీ పెరిగాయని తేలింది. ఈవిడ రెండు కాన్పులూ భర్త కిడ్నీని సహించడం నేర్పి ఉండొచ్చుగా?

మేనకోడలు: నేర్పి ఉండొచ్చు. ఏది నేర్పిందో తెలియకుండా మంచిదే నేర్పిందనుకోవడం ఎలా? మనుషుల లెక్క ఉంది కదా, అదీ మీ తెరసాకిదే, 1995. భార్యాభర్తల మధ్య మార్పిళ్లు చూశారు. భార్య ఇచ్చిన కిడ్నీలు భర్త ఒంట్లో మూడేళ్లకి నూటికి 87 నిలిచాయి. ఎప్పుడూ గర్భం రాని భార్యకి భర్త ఇచ్చినవీ 87. గర్భం వచ్చిన భార్యకి భర్త ఇచ్చినవి 76.

మామయ్య: అదే పేపర్లో చనిపోయిన దాతల కిడ్నీలు ఎన్ని నిలిచాయో చెప్పు.

మేనకోడలు: 70.

మామయ్య: 70 కంటే 76 పెద్దదేగా? ఆ 87కీ 76కీ ఉన్న తేడా కూడా గణాంకంగా నిలవలేదు, సంఖ్య చిన్నది. ఇక ఆవిడకి నా దగ్గరున్న ఇంకో దారి ఏంటి? చనిపోయిన దాతల అవయవాలు పంచే జీవన్‌దాన్‌లో పేరు రాయించి ఎదురుచూడటం. డయాలిసిస్ మీద ఎదురుచూపు ఊరికే గడవదు. హిమోగ్లోబిన్ ఆరుకి పడిపోతుంది, రక్తం ఎక్కించాల్సి వస్తుంది. ఎక్కించిన ప్రతి సీసాలో ఇంకెవరిదో హెచ్‌ఎల్‌ఏ ఉంటుంది. ఇవాళ ఒక్క భర్త మీద జ్ఞాపకం ఉందేమోనని ఆపితే, రెండేళ్లకి సగం ఊరి మీద యాంటీబాడీలు తెచ్చుకుని వస్తుంది.

మేనకోడలు: ఈ మాటకి నా దగ్గర ఎదురు లేదు. ఎరిత్రోపోయిటిన్, ఐరన్ ముందే సరిగ్గా ఇస్తే రక్తం అవసరం తగ్గుతుంది, తప్పనప్పుడు తెల్లకణాలు వడకట్టిన రక్తం ఇవ్వొచ్చు. అయినా ముప్పు పూర్తిగా పోదు. ఒకటి అడుగుతాను, ఆవిడ చరిత్ర ఎవరు రాశారు? నాకొచ్చిన ఫారంలో "కాన్పులు: 2" అని ఉంది. నిలవని గర్భాలు ఎన్ని? కాన్పప్పుడు రక్తం ఎక్కించారా? ఆ గళ్లు ఖాళీ.

మామయ్య: జూనియర్ రాసి ఉంటాడు. పక్కన అత్తగారు కూర్చుని ఉంటే, అబార్షన్ అయిందా అని అడిగితే ఏ ఆడమనిషి చెబుతుంది?

మేనకోడలు: అందుకే విడిగా, నర్సు చేత అడిగించాలి. మొదటి కాన్పు పెద్దాసుపత్రిలో అయితే ఏం ఎక్కించారో డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. ఎలిస్పాట్ లేకపోయినా పర్వాలేదు, ఆ రెండు ప్రశ్నలకి ఖర్చు లేదు. పాత సీరం ఏదైనా ఫ్రీజర్లో ఉంటే దానితో కూడా క్రాస్‌మ్యాచ్ చేస్తాను. ఇవాళ తగ్గిన యాంటీబాడీ అప్పుడు దొరకొచ్చు.

మామయ్య: సరే, అడిగిస్తాను. గర్భాలు నాలుగని తేలిందనుకో. అప్పుడు?

మేనకోడలు: అప్పుడు భర్త కిడ్నీ ఆఖరి దారి అవుతుంది, మొదటిది కాదు. జ్ఞాపకం గురి చూసి కొడుతుంది మామయ్యా. కాన్పులు నేర్పింది భర్త హెచ్‌ఎల్‌ఏ మీద, లోకంలో అందరి మీదా కాదు. ఆవిడకి తోడబుట్టినవాళ్లు లేరా? ఒక్కో తోబుట్టువు హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కలవడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. అలా కలిస్తే ఈ గొడవే ఉండదు.

మామయ్య: ఒక అన్న ఉన్నాడు, సోంపేట దగ్గర. పరీక్షకి రాలేదు. పెళ్లయి వెళ్లిపోయిన చెల్లెలికి కిడ్నీ ఇస్తానంటే ఇంట్లో వదిన ఒప్పుకోవాలి, ఆవిడ పుట్టింటివాళ్లూ ఒప్పుకోవాలి. ల్యాబులో కూర్చుని నాలుగింట ఒకటి అనడం తేలిక.

మేనకోడలు: అతన్ని ఎవరైనా నేరుగా అడిగారా, లేక ఒప్పుకోడని మనమే అనేసుకున్నామా?

మామయ్య: నేను అడగలేదు. అడుగుతాను. అతను కాదంటే స్వాప్ అంటావు, తెలుసు.

మేనకోడలు: అవయవ మార్పిడి చట్టానికి 2011లో వచ్చిన సవరణ స్వాప్‌కి దారి ఇచ్చింది. ఇలాంటి ఇంకో జంట దొరికితే వాళ్ల దాత ఈవిడకి, ఈవిడ భర్త వాళ్లకి. అతని కిడ్నీ వృథా కాదు, ఆవిడ జ్ఞాపకానికి ఎదురుపడదు.

మామయ్య: దొరికితే. రెండు కుటుంబాలు, రెండు కమిటీలు, ఒకే రోజు రెండు ఆపరేషన్లు. నేను చూసినంతలో చాలా స్వాప్‌లు కాగితం మీదే ఆగిపోతాయి. మూడు నెలలు ఇస్తాను. ఈలోపు రక్తం ఎక్కించాల్సి వస్తే ఆ రోజే గడువు ముగిసినట్టు.

మేనకోడలు: ఆ తరవాత?

మామయ్య: ఆ తరవాత భర్త కిడ్నీయే. టి కణాలని ఊడ్చే ఏటీజీతో మొదలుపెడతాను. మొదటి నెలంతా వారం వారం సీరం నీకు పంపుతాను, క్రియాటినిన్ కదలకముందే యాంటీబాడీ లేచిందో లేదో నువ్వు చెప్పాలి. లేస్తే బయాప్సీ చేస్తాను, నీతో వాదించను.

మేనకోడలు: నేనైతే మూడు కాదు, ఆరు నెలలు చూస్తాను.

మామయ్య: ఆ మూడు నెలల తేడా మనం తేల్చేది కాదు. ఆవిడకీ భర్తకీ రెండు లెక్కలూ చెబుతాను, నూటికి 76 అనీ, డయాలిసిస్ మీద రెండేళ్లలో ఏమవుతుందో కూడానూ. నువ్వు కూడా రా. జ్ఞాపక కణాల సంగతి నాకు చెప్పినట్టే వాళ్లకీ చెప్పు, భయపెట్టకుండా.